బుడగను పట్టి ఉంచే విద్య

1967లో ఫ్రాన్స్‌లోని లె మాన్ కార్ల రేసు గెలిచిన అమెరికన్ డ్రైవర్ డాన్ గర్నీ, చేతికందిన షాంపేన్ సీసాను బాగా కుదిపి చుట్టూ ఉన్నవాళ్ల మీద చిమ్మాడు. ఇక అదే రివాజైపోయింది. క్రికెట్ కప్పు గెలిచినా, కొత్త సంవత్సరం వచ్చినా మన టీవీల్లో షాంపేన్ అంటే ఎగజిమ్మే నురగే. తయారుచేసేవాళ్ల లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఆ గ్యాస్‌ను సీసాలో పుట్టించి, అక్కడే నిలబెట్టడానికి వాళ్లు తక్కువలో తక్కువ ఏడాదీ మూడు నెలలు పాటుపడతారు. ఆ పాటు ఏమిటో అర్థమైతే సీసాను ఎక్కడ దాచాలో, ఎలా తెరవాలో, వంటలో దేనికి వాడాలో దానంతటదే తెలిసిపోతుంది.

షాంపేన్ అనేది పారిస్‌కు తూర్పుగా, రీమ్స్, ఎపెర్నే పట్టణాల చుట్టూ ఉన్న ప్రాంతం పేరు. అక్కడి ద్రాక్షతో, అక్కడి నిబంధనల ప్రకారం చేసిన వైనే షాంపేన్. ఇటలీ ప్రొసెక్కో, స్పెయిన్ కావా, మన నాసిక్‌లో తయారయ్యేవి అన్నీ బుడగల వైన్లే, కానీ షాంపేన్లు కావు. అక్కడ చలి ఎక్కువ, నేల సుద్దనేల. అందుకే షార్డనే, పినో న్వార్, మూనియే ద్రాక్షలు పండినా పులుపు పోగొట్టుకోవు. రీమ్స్ కింద పూర్వం సుద్దరాయి తవ్వుకున్న గోతులే ఇప్పుడు నేలమాళిగలు. ఏడాది పొడుగునా అక్కడ 10–12 డిగ్రీల చల్లదనం. ఆ తోటలకూ మాళిగలకూ 2015లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది.

చెట్టు నుంచి దించిన కల్లు ముంతలో బుసబుస పొంగడం మనం చూసిందే. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌నూ, కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. కల్లులో ఆ గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. షాంపేన్‌లో దానికి దారి మూసేస్తారు, తేడా అంతే. ముందు 4,000 కిలోల ద్రాక్షను మెల్లగా పిండి 2,550 లీటర్లకు మించకుండా రసం తీస్తారు. దాన్ని పులియబెట్టి, బుడగల్లేని మామూలు వైన్ చేస్తారు. రకరకాల తోటలవీ, వేర్వేరు ఏళ్లవీ కలిపి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కాస్త ఈస్ట్ చేర్చి సీసాల్లో నింపి మూత బిగిస్తారు. రెండోసారి పులియడం ఆ సీసాలోనే. గ్యాస్ పోయే దారి లేక వైన్‌లోనే కరిగి, లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి ఆరు రెట్ల దాకా పెరుగుతుంది.

దీన్ని డోమ్ పెరిన్యోన్ అనే సన్యాసి కనిపెట్టాడని కథ ఉంది. నిజానికి ఆయన కాలంలో బుడగ ఒక లోపం, సీసాలు పగిలిపోయేవి. చక్కెర కలిపితే వైన్ చురుగ్గా నురగలెత్తుతుందని 1662లోనే లండన్ రాయల్ సొసైటీలో క్రిస్టఫర్ మెరెట్ వివరించాడు.

పని ముగించిన ఈస్ట్ చచ్చి మడ్డిలా అడుగుకు చేరుతుంది. దాన్ని వెంటనే తీసెయ్యరు. మామూలు షాంపేన్ కనీసం 12 నెలలు ఆ మడ్డి మీదే ఉండాలి. ఒకే ఏటి పంటతో చేసినదైతే మూడేళ్ల తర్వాతే బజారుకు వస్తుంది. వేడి రొట్టె, వేయించిన బాదం వాసనలు వచ్చేది ఈ మడ్డి నుంచే. చివరికి గ్యాస్ పోకుండా మడ్డిని మాత్రం బయటికి పంపాలి. ఈ చిక్కును విప్పింది 27 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని వ్యాపారం చేతిలోకి తీసుకున్న బార్బ్ నికోల్ క్లికో. ఆమె మాళిగల్లో 1816 ప్రాంతంలో బెజ్జాల బల్లతో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. సీసాల మెడలను ఏటవాలు బల్ల బెజ్జాల్లో దూర్చి, రోజూ ప్రతి సీసానూ చిన్నగా కదిపి, ఎనిమిదో వంతు తిప్పి, మెల్లమెల్లగా నిలువుకు లేపుతారు. వారాల తరబడి ఇలా చేస్తే మడ్డి జారి మెడలోకి చేరుతుంది. చేయి తిరిగినవాడు రోజుకు 40,000 సీసాలు తిప్పగలడు. ఇప్పుడు ఎక్కువగా ఈ పని యంత్రాలదే. ఆపైన మెడను మైనస్ 25 డిగ్రీల దాపుల చల్లటి ద్రావణంలో ముంచుతారు. మడ్డి మంచుబిళ్లలా గడ్డకడుతుంది. మూత తీయగానే ఒత్తిడికి ఆ బిళ్ల ఎగిరిపడుతుంది. ఖాళీ అయిన కాస్త చోటును వైన్‌లో కరిగించిన చక్కెరతో నింపి, బిరడా బిగించి తీగ చుడతారు.

పోషక విలువల సంగతంతా ఆ చివరి చక్కెర దగ్గర మొదలవుతుంది. లేబుల్ మీద ‘బ్రూట్ నేచర్’ అని ఉంటే లీటరుకు 3 గ్రాముల లోపు, ‘బ్రూట్’ అంటే 12 లోపు, ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే 12 నుంచి 17, ‘డెమీ సెక్’ అంటే 32 నుంచి 50 గ్రాములు. పేరు చూసి మోసపోకండి, ఎక్స్‌ట్రా డ్రై బ్రూట్ కన్నా తియ్యన. 125 మిల్లీలీటర్ల బ్రూట్ గ్లాసులో చక్కెర గ్రామున్నర మించదు. అయినా ఆ గ్లాసుకు 90 క్యాలరీల దాకా ఉంటాయి, దాదాపు అన్నీ ఆల్కహాల్‌వే. కొద్దిగా పొటాషియం ఉన్నా, దాని కోసం తాగడమంటే అరటిపండు మరిచిపోవడమే. మద్యంలో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. సల్ఫైట్లు పడని ఉబ్బసం రోగులు, గర్భిణులు దూరంగా ఉండాల్సిందే.

మాళిగ చల్లగా, చీకటిగా, కదలిక లేకుండా ఉంటుంది. ఇంట్లోనూ ఆ మూడే కావాలి. వెలుగు తగిలితే వైన్‌లో గంధకపు వాసన పుడుతుంది. సీసాలు ముదురు రంగులో ఉండేది అందుకే. తెల్ల గాజులో వచ్చే ‘క్రిస్టల్’ షాంపేన్‌కు రంగు కాగితం చుట్టేదీ అందుకే. మే నెల హైదరాబాద్‌లో వంటింటి అలమారా కన్నా ఫ్రిజ్ అడుగు అరే నయం. మామూలు షాంపేన్ కొనేనాటికే తయారై ఉంటుంది, ఏళ్లకేళ్లు దాచినంత మాత్రాన గొప్పదైపోదు.

తాగే ముందు సగం మంచు, సగం నీళ్లున్న బకెట్‌లో అరగంట ఉంచితే 8–10 డిగ్రీలకు దిగుతుంది. చల్లబడ్డ వైన్ గ్యాస్‌ను గట్టిగా పట్టుకుంటుంది. వెచ్చగా ఉన్న సీసా బిరడా కంటికి తగిలితే చూపే పోవచ్చు. తీగ విప్పే క్షణం నుంచి బిరడా మీద బొటనవేలు తీయకూడదు. సీసాను వాల్చి, బిరడాను కదలకుండా పట్టుకుని సీసానే తిప్పాలి. పెద్ద చప్పుడు రాలేదంటే పని బాగా జరిగినట్టే. మిగిలిన సీసా మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయన్నది ఉత్త నమ్మకం. బిగుతైన మూత, ఫ్రిజ్ చల్లదనం ఉంటే రెండు రోజులు నిలుస్తుంది.

వంటకొచ్చేసరికి ఒక నిజం ఒప్పుకోవాలి. పొయ్యి మీద బుడగ నిలవదు, నిలిచేవి పులుపూ, రొట్టె వాసనా. కాబట్టి చప్పబడిన వైన్‌కు వంటే సరైన చోటు. ఫ్రాన్స్‌లో చేపకూ, కోడికీ చేసే సాస్‌లో సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలతో దీన్ని సగానికి ఇగరబెట్టి, తర్వాతే మీగడ కలుపుతారు. ముందే కలిపితే పులుపుకు విరిగే ప్రమాదముంది. సబాయోన్ అనే తీపికి నాలుగు గుడ్డు సొనలు, 80 గ్రాముల చక్కెర, 150 మిల్లీలీటర్ల వైన్ చాలు. గిన్నెను ఉడుకు నీళ్ల ఆవిరి మీద పెట్టి ఆపకుండా గిలక్కొట్టాలి. వేడి మించితే సొన పలుకులు కడుతుంది. చెంచా జాడ కాసేపు చెదరకుండా నిలిస్తే దించేసి, పళ్ల ముక్కల మీద పోయాలి. రీమ్స్‌లో గులాబీ రంగు గట్టి బిస్కెట్లను షాంపేన్‌లో ముంచుకుని తింటారు. అక్కడ వెనిగర్ కూడా చేస్తారు.

ఉడికితే ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోతుందనే మాట నమ్మకండి. అరగంట ఉడికినా మూడో వంతు మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతాయి. సబాయోన్‌లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మద్యం ముట్టని అతిథికీ, పిల్లలకూ ముందే చెప్పడం మర్యాద. ఇక బజ్జీల పిండి గుల్లబారడానికి బుడగలు కావాలంటే చల్లటి సోడా చాలు. సాస్‌కైనా చవకైన పుల్లటి బుడగల వైన్ సరిపోతుంది. షాంపేన్ సీసాకు పెట్టిన డబ్బంతా మడ్డి మీద గడిపిన నెలలకూ, లోపల నిలిచిన గ్యాస్‌కూ పెట్టిందే. ఆ రెంటి విలువా తెలిసేది చల్లటి గ్లాసులో. మూకుడులోకి పోవాల్సింది మిగిలిపోయినదే.