విహార ప్రణాళికలు: వస్తువు, రూపం

విమర్శకుడు పట్టించుకోనంత మాత్రాన ఒక రచన రచన కాకుండా పోదు. మన మధ్యతరగతి ఇళ్ళలో ఇవాళ నవలకన్నా, కవితా సంపుటికన్నా శ్రద్ధగా చదువుతున్న సాహిత్యం ఒకటి ఉన్నది. పసిపిల్లలను వెంటబెట్టుకుని హాంకాంగుకో, సింగపూరుకో, పారిసుకో వెళ్ళి, అక్కడి థీమ్ పార్కు చూసి రావాలంటే ఏ రోజు ఏ గంటకి ఏం చెయ్యాలో చెప్పే ప్రణాళికలే ఆ సాహిత్యం. రాసేవాళ్ళు చాలావరకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులే. చదివేవాళ్ళు వెళ్ళబోయే తల్లిదండ్రులు. మధ్యలో ప్రచురణకర్తా లేడు, సంపాదకుడూ లేడు. ఇంతకన్నా జనసామాన్య రచన ఏం కావాలి?

ఇదేం సాహిత్య విమర్శ అని మన మిత్రులు కొందరు ముఖం చిట్లించవచ్చు. మా అబ్బాయి, కోడలు వచ్చే వేసవిలో పిల్లలిద్దరితో హాంకాంగు డిస్నీలాండుకి వెళ్ళాలని తలపెట్టిన దగ్గిరనుంచీ ఇటువంటి ప్రణాళికలు నేను కొన్ని డజన్లు చదివాను. చదివిన కొద్దీ వీటికి ఒక వస్తువూ, ఒక రూపమూ, ఒక జీవిత దృక్పథమూ ఉన్నాయని రుజువైంది. ఆ మూడూ ఉన్నదాన్ని విమర్శకుడు వదిలెయ్యటానికి వీల్లేదు.

ముందు రూపం సంగతి. ఈ రచనల్లో క్రియలన్నీ ఆజ్ఞలే. లేవండి, పరుగెత్తండి, ముందుగా కొనండి, ఎడమవైపు తిరగండి. ప్రతి ఆజ్ఞ పక్కనా గడియారం ఉంటుంది. కథానాయకుడు తండ్రి, లేదా తల్లి. ప్రతినాయకుడు క్యూ. క్యూని జయించటమే ఇతివృత్తం. నలభై నిమిషాలు నిలబడవలసిన చోట పన్నెండు నిమిషాల్లో బయటపడిన ఘట్టాన్ని మన పూర్వులు దుర్గాన్ని పట్టుకున్న ఘట్టం చెప్పినంత ఉత్సాహంతో చెబుతారు. నిజం చెప్పొద్దూ, బాగా రాసినవాటిలో ఆ ఘట్టం చదవటానికి రక్తిగానే ఉంటుంది.

ఇక పాత్రలు. ఎవరి కోసమైతే ఇంత యాత్రా తలపెట్టారో ఆ పిల్లలు ఈ రచనల్లో నోరు విప్పరు. వాళ్ళు రెండు అంకెలుగా మాత్రమే కనిపిస్తారు. ఒకటి వయస్సు, రెండోది ఎత్తు. హాంకాంగులో మూడేళ్ళు నిండనివాళ్ళకి టిక్కెట్టు లేదు. మూడునుంచి పదకొండు దాకా పిల్లల టిక్కెట్టు. కనక మూడో పుట్టినరోజు రాకముందే వెళ్ళిరమ్మని ప్రణాళికలు ఏకకంఠంతో చెబుతాయి. రెండేళ్ళ పది నెలల మా మనవడికి అక్కడ చూసింది ఏడాది తిరిగేసరికి గుర్తుంటుందా అన్న ప్రశ్న ఎవరూ వెయ్యరు. అది జమాఖర్చుల్లో రాదు గనక.

ఎత్తు సంగతి మరీ చిత్రం. గనిబండ్లలో కొండచుట్టూ తిరిగే సవారీ ఒకటుంది, దానికి 112 సెంటీమీటర్లు ఉండాలి. మా మనవరాలికి ఆరేళ్ళు. గోడకి నిలబెట్టి టేపు పెట్టి కొలిచారు, 110 వచ్చింది. "వేసవికల్లా పెరుగుతుందిలెండి, మామయ్యగారూ" అన్నది కోడలు. ఆనాటినుంచీ పిల్ల పాలు తాగకపోతే హాంకాంగు పేరు చెప్పి తాగిస్తున్నారు. ఒక ప్రణాళికలో మందపాటి అడుగులున్న బూట్లు తొడగమని సలహా కూడా ఉంది. ఆ కొలత పిల్ల క్షేమం కోసం పెట్టిన కొలత. దాన్ని ఏమార్చటం తల్లిదండ్రుల నేర్పుగా మారటంలో ఈ సాహిత్యపు జీవిత దృక్పథం చాలావరకు బయటపడుతుంది. డబ్బు పెట్టాం, ఏదీ వదులుకోగూడదు. ఇదీ ఆ దృక్పథం.

గడియారం విషయంలో ఈ రచయితలు తమ శాస్త్రానికే ద్రోహం చేస్తున్నారు. హాంకాంగు మనకంటే రెండున్నర గంటలు ముందు. తొమ్మిదిన్నరకల్లా పార్కు వాకిట్లో ఉండమంటే పిల్లల్ని ఏడింటికి లేపాలి. అప్పటికి వాళ్ళ ఒంటికి తెల్లవారుజాము నాలుగున్నర. విమానం దిగిన మర్నాడే ఈ పని చెయ్యమని ఎంతమంది రాశారో! అదే సమయంలో రాత్రి తొమ్మిదింటికి కోట ముందు జరిగే దీపాల ప్రదర్శన పిల్లలకి కష్టం అంటారు. అది వాళ్ళకి సాయంత్రం ఆరున్నర. తెలుగు పిల్లల ఒంటి గడియారం ప్రకారం చూస్తే పొద్దున నిద్రపోనిచ్చి, మధ్యాహ్నం వెళ్ళి, రాత్రి దాకా ఉండటమే సబబు. ఈ ముక్క కుటుంబాలతో వెళ్ళివచ్చినవాళ్ళకి తట్టకపోవటానికి కారణం ఒకటే. ఈ ప్రణాళికల మాతృకలు అమెరికాలో తయారైనవి. అక్కడి పార్కులకి కార్లలో వెళ్ళే కుటుంబాల కోసం కుదిరిన సూత్రాలని మనవాళ్ళు నగరం పేరు మార్చి ఎత్తిరాశారు. అనుకరణ సాహిత్యానికి పట్టే తెగులే ఇది.

రుతువు కూడా అంతే. మన బళ్ళకి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్‌లో ముగుస్తాయి. హాంకాంగులో మే, జూన్ నెలలు ఉక్కపోత, కుండపోత. పైగా మే నెల మొదట్లో చైనా అంతటా కార్మికదినం సెలవులు. లక్షలాది చైనా కుటుంబాలు ప్రయాణాలు పెట్టుకునేది అప్పుడే. టిక్కెట్టుకి ఒక్కో తేదీకి ఒక్కో ధర పెట్టిన ఆ పార్కులో మేడే పండుగనాళ్ళు ఖరీదైన రోజుల కిందికి వస్తాయి. ఎనిమిది గంటల పనికోసం రక్తం చిందిన రోజు ఇప్పుడు రద్దీ ధరల జాబితాలో చేరింది. దీనిమీద వ్యాఖ్య అనవసరం.

మన పక్షం విమర్శకులు ఈ పార్కులను గురించి రాయలేదని కాదు. చిలీలో అలెండె ప్రభుత్వం ఉన్న కాలంలో, 1971లో, ఏరియల్ డార్ఫ్‌మన్, అర్మాండ్ మాటెలార్ట్ అనే ఇద్దరు డోనాల్డ్ డక్ బొమ్మల కథలమీద ఒక విమర్శగ్రంథం రాశారు. ఆ బాతుల లోకంలో తల్లిదండ్రులు లేరు, బాబాయిలూ మామయ్యలూ తప్ప. వస్తువులున్నాయి గాని వాటిని తయారుచేసే కార్మికులు లేరు అని వాళ్ళు ఎత్తిచూపారు. 1973 సెప్టెంబరులో సైనిక కుట్ర జరిగాక ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. ఒక బాతుమీద రాసిన పుస్తకాన్ని సైన్యం తగలబెట్టిందంటేనే అది గురి తప్పలేదని తెలుస్తున్నది. ఫ్రాన్సులో బోద్రియార్ 1981లో మరో మాట అన్నాడు: మిగతా అమెరికా అంతా నిజమని నమ్మించటానికే డిస్నీలాండుని అబద్ధంగా చూపిస్తున్నారని. ఇది చమత్కారంగా ఉన్నదే గాని, రెండేళ్ళవాణ్ణి చంకనెత్తుకుని నిలబడ్డ తల్లికి ఉపయోగపడదు. అబద్ధమని తెలియక పిల్లలు అక్కడికి వెళుతున్నారా? బొమ్మకి అన్నం తినిపించే పిల్లకి అది బొమ్మేనని తెలుసు. పిల్లల ఆటని భ్రమ అని కొట్టిపారేసే విమర్శని నేను ఆమోదించలేను. బాతుల కథల్లో తల్లిదండ్రులు లేరన్నమాట నిజమే. పార్కులో మాత్రం వాళ్ళు తప్పకుండా ఉంటారు, టిక్కెట్టు కొనేది వాళ్ళే గనక. అక్కడినుంచి మన విమర్శ మొదలు కావాలి.

వినోదవనాలు నిన్నగాక మొన్న పుట్టినవి కావు. కోపెన్‌హేగన్‌లో టివోలీ తోట 1843లో తెరిచారు. జనం వినోదంలో ఉంటే రాజకీయాలు ఆలోచించరని దాని స్థాపకుడు కార్‌స్టెన్సెన్ రాజుగారికి నచ్చజెప్పి అనుమతి సంపాదించాడని చెప్పుకుంటారు. వాల్ట్ డిస్నీ 1951లో ఆ తోటని చూశాడు. 1955 జులై 17న కాలిఫోర్నియాలో తన పార్కు తెరిచాడు. ఇంకో దారి కూడా లేకపోలేదు. మాస్కోలో 1928లో తెరిచిన, తరవాత గోర్కీ పేరు పెట్టిన సంస్కృతీ విశ్రాంతి ఉద్యానం కార్మికుల కోసమని పుట్టింది. అక్కడ ప్రవేశ రుసుము 2011లో తీసేశారు.

డిస్నీ పార్కుల చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది క్యూ చరిత్ర. మొదట్లో, 1955 చివరినుంచి, టిక్కెట్ల పుస్తకాలు అమ్మేవాళ్ళు. ఒక్కో తరగతి సవారీకి ఒక్కో అక్షరం టిక్కెట్టు. 1982లో ఆ పద్ధతి ఎత్తేసి, లోపలికి వచ్చినవాళ్ళకి ఒకే రుసుము పెట్టారు. దానితో ఒక విచిత్రం జరిగింది. డబ్బుతో మొదలై డబ్బుతో ముగిసే ఆ ప్రదేశంలో, గుమ్మం దాటాక మాత్రం డబ్బు చెల్లకుండా పోయింది. లక్షాధికారి పిల్లా, ఏడాదిపాటు కూడబెట్టుకు వచ్చిన గుమాస్తా పిల్లా ఒకే క్యూలో, ఒకే ఎండలో, ఒకరి వెనక ఒకరు నిలబడవలసి వచ్చింది. పెట్టుబడిదారీ వినోదం తనకి తెలియకుండా కల్పించిన సమానత్వం అది. 1999లో మరో ఏర్పాటు తెచ్చారు: ఒక చీటీ తీసుకుని, చెప్పిన వేళకి తిరిగివస్తే పొట్టి క్యూలో పంపేవాళ్ళు. దానికి అదనపు రుసుము లేదు. కాని వరసలు రెండయినాయి. రెండో వరస పుట్టాక దానికి వెల కట్టటం ఎంతసేపు? 2021లో అమెరికాలోనూ పారిసులోనూ ఆ పొట్టి క్యూని అమ్మకానికి పెట్టారు. హాంకాంగులోనూ ఇప్పుడు అమ్ముతున్నారు. గుడిలో శీఘ్రదర్శనం టిక్కెట్టు ఎరిగిన మనవాళ్ళకి ఇది కొత్త కాకపోవచ్చు. అయితే ఒక తేడా ఉన్నది. ఇక్కడ చూసేది పిల్లలు. తన పక్కనుంచి మరో పిల్ల నడిచి ముందుకి పోతుంటే "వాళ్ళెందుకు ముందు వెళుతున్నారు?" అని ఆరేళ్ళ పిల్ల అడగక మానదు. ఏ ప్రణాళికా ఈ ప్రశ్నకి జవాబు రాయలేదు. అదనపు టిక్కెట్టు కొంటే లాభమా నష్టమా అని మాత్రం పేజీలకి పేజీలు లెక్కలు కట్టారు.

క్యూ విరిగిపోతే ఏమవుతుందో హాంకాంగులోనే ఒకసారి తేలింది. పార్కు 2005 సెప్టెంబరు 12న తెరిచారు. 2006 ఫిబ్రవరిలో, చైనా నూతన సంవత్సరం సెలవుల్లో, టిక్కెట్లు చేతిలో ఉన్న కుటుంబాలు పట్టనంతగా వచ్చేసరికి తలుపులు మూశారు. చైనానుంచి పిల్లాపాపలతో వచ్చినవాళ్ళు కంచెలెక్కారు. కంచె మీదుగా పిల్లల్ని అవతలివాళ్ళకి అందించారు. యాజమాన్యం తరవాత క్షమాపణ చెప్పుకున్నది. కొన్ని పత్రికలు ఆ జనాన్ని మొరటువాళ్ళని ఎగతాళి చేశాయి. నాకు మాత్రం చంటిపిల్లని ఇనపకంచె మీదుగా అందించే తండ్రిలో మొరటుతనంకన్నా మాట ఇచ్చి తప్పలేని మనిషి కనిపిస్తాడు. పిల్లకి ఏమని చెప్పి తీసుకొచ్చాడో!

ఇక ఆ పార్కు కళాఖండంగా ఎటువంటిది? పడవలో కూచుని ప్రపంచ దేశాల బొమ్మల మధ్యగా పోయే సవారీ ఉన్నదే, అది మొదట 1964 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో యూనిసెఫ్ పేరుమీద తయారైంది. ఆ బొమ్మల బట్టలు వేరు, ఒంటిరంగు వేరు, ముఖం మాత్రం ఒకే అచ్చు. అందరూ ఒకే పాట పాడతారు. దేశాల మధ్య తేడా అంటే దుస్తుల తేడానే అన్నట్టుంటుంది. ఆ ప్రపంచంలో సరిహద్దులూ లేవు, దోపిడీ కూడా లేదు. విమర్శకుడిగా నేను ఒప్పుకోను. కాని ఎత్తు నియమం లేనిదీ, తాతా మనవడూ పక్కపక్కన కూచోగలిగినదీ, చల్లగా నీడగా ఉండేదీ అదే. మన ప్రదర్శనశాలల్లో పసిపిల్లకి పాలివ్వటానికి ఒక గది, గుడ్డలు మార్చటానికి ఒక బల్ల వెతకండి. అక్కడ అవి ఉన్నాయి. పసిబిడ్డతో ఉన్న ఆడమనిషిని గౌరవంగా చూసే ఏర్పాటుని వ్యాపారం అని ఈసడించేముందు, మనం ఏర్పాటు చేసినదేమిటో చూపగలగాలి.

ఆ పార్కు వట్టి ప్రైవేటు సొత్తు కూడా కాదు. 1997 ఆర్థిక సంక్షోభం తరవాత పర్యాటకం పెంచాలని హాంకాంగు ప్రభుత్వం ముందుకి వచ్చి, 1999లో ఒప్పందం చేసుకుని, సముద్రం పూడ్చి నేల తయారుచేసి ఇచ్చింది. తెరిచిననాటికి 57 శాతం వాటా ప్రభుత్వానిదే. పాత పడవల కర్మాగారం విడిచిన విషపు మట్టిని తొలగించిందీ ప్రభుత్వమే. పార్కు తెరిచిన ఏడాదే, ఆ సంస్థ బొమ్మలు తయారయ్యే చైనా ఫ్యాక్టరీలలో కార్మికుల స్థితిగతులమీద హాంకాంగు విద్యార్థులు, అధ్యాపకులు కలిసిన ఒక సంఘం నివేదిక వెలువరించింది. బొమ్మల దుకాణంలో ఎంతసేపు గడపాలో చెప్పే ప్రణాళికల్లో దీని ఊసు లేదు.

అయితే ఏమంటావు, వెళ్ళొద్దంటావా అని మా అబ్బాయి అడిగాడు. వెళ్ళమన్నాను. పిల్లకి మాట ఇచ్చారు. కాని రెండు రోజుల్లో చూడమన్న పద్దెనిమిది వింతల్లో పన్నెండు కొట్టెయ్యమన్నాను. మొదటి రోజు పొద్దున ఎక్కడికీ కదలవద్దన్నాను. గనిబండ్ల దగ్గిర 112 రాకపోతే బూట్ల యుక్తి పన్నకుండా, "ఇంకా రెండు సెంటీమీటర్లు పెరగాలమ్మా" అని నిజం చెప్పమన్నాను. మేడే వారం దాటాక బయలుదేరమన్నాను. దీనికి మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు, టిక్కెట్టు తగ్గుతుంది గనక.

పార్కుకి పోవటానికి సన్నీ బే స్టేషనులో రైలు మారాలి. ఆ చిన్న రైలు కిటికీలు ఎలుక తల ఆకారంలో ఉంటాయి. లోపల బొమ్మలు పెట్టి ఉంటాయి. పిల్లలు ఆ కిటికీకి ముఖం ఆనించి సముద్రం చూస్తారట. కొలత లేదు, రెండో క్యూ లేదు, పెద్దవాళ్ళకి తొందర చెయ్యటానికి అందులో పనేమీ లేదు. నేను చదివిన ప్రణాళికలన్నిటిలోనూ అది రవాణా పద్దు కింద, కొద్ది నిమిషాలు అని రాసి ఉన్నది.