ఎవరి లైఫ్‌టైమ్?

బుధవారం సాయంత్రం మా గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ సెల్లార్లో కూరగాయల సంచీతో లిఫ్టు కోసం నిలబడి ఉంటే వెనకాల సన్నగా ఈల. నాలుగో అంతస్తు కుర్రాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, కొత్తగా కొన్న పాత కారు: 2005 బెంజి సీ200 కంప్రెసర్. పదిహేనేళ్ల గడువు దాటి, ఆర్టీఏలో రెన్యువల్ కూడా అయిన బండి. "అంకుల్, సూపర్‌ఛార్జర్‌కి చిన్న పుల్లీ వేయిద్దామనుకుంటున్నా. ఇంకో ఇరవై హార్స్ పవర్ వస్తుందట" అన్నాడు. నా చేతిలో ఉన్నవి బెండకాయలు కాబట్టి బతికిపోయాడు.

నా చాదస్తం మీకు తెలుసు. కంపెనీ బిగించిన బోల్టు మీద రెంచీ పెట్టేవాడంటే నాకు గిట్టదు. తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు అన్నప్పుడు ఇక్కడే చప్పట్లు కొట్టి, కుర్రకారు చేత తిట్లు తిన్నాను.

దీనికంతటికీ మూలం మా నాన్న అంబాసిడర్. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఆయన విజయవాడ ఆటోనగర్లో ఇంజిన్ దింపించి మెటడోర్ డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. అప్పట్లో చాలామంది చేసిన పనే. మేస్త్రీ రెండు రోజుల్లో చేసిచ్చాడు. బానెట్ మీద నిమ్మకాయ పెట్టి, అమ్మ చేత కొబ్బరికాయ కొట్టించి, సెల్ఫ్ కొట్టాడు. నిమ్మకాయ దొర్లుకుంటూ వెళ్లి మురుక్కాలవలో పడింది. ఆ వణుకు ఇక ఆగలేదు. వెనక సీట్లో కూర్చుని మాట్లాడితే గొంతు మేకపిల్ల అరిచినట్టు వచ్చేది. ఏలూరులో పెళ్లికి వెళ్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర ఇంజిన్ మౌంటింగ్ తెగింది. ముగ్గురు పిన్నులు పట్టుచీరల్లో లారీ ఎక్కి పెళ్లికెళ్లారు. "మైలేజీ మాత్రం వచ్చింది కదరా" అని నాన్న చివరిదాకా సమర్థించుకునేవారు. పిన్నులు మాత్రం చివరిదాకా క్షమించలేదు.

సరే, శనివారం పొద్దున్నే కుర్రాణ్ణి నా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను, నా తరఫున నాలుగు చివాట్లు పెడతాడని. దారి పొడుగునా పాఠం చెప్పాను. సూపర్‌ఛార్జరంటే కమ్మరి తిత్తే. అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న ఈ బ్లోయరు కొలుములకు గాలి ఊదేది. మెర్సిడెస్ 1921లో దాన్ని కార్లకెక్కించింది. టర్బో అయితే పొగ గాలితో తిరుగుతుంది, ఇది ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. అందుకే కాలు పెట్టీపెట్టగానే లాగుతుంది. బెంట్లీకి బ్లోయర్ పెట్టడం ఆ కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకే నచ్చలేదు. 1930 లె మాన్స్ రేసులో బ్లోయర్ బెంట్లీలు మధ్యలో ఆగిపోతే, బ్లోయర్ లేని స్పీడ్ సిక్స్ గెలిచింది. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ దిగేసరికి కేసు నేనే గెలిచాననుకున్నాను.

"మరి కంపెనీయే ఇదే 1.8 లీటర్ ఇంజిన్‌ని 143, 163, 192 హార్స్ పవర్‌లుగా అమ్మింది కదంకుల్?" అన్నాడు వాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మెకానిక్ ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి చెవి పెట్టాడు. "గోలీల సంచి ఊపినట్టు సప్పుడు ఇనబడ్తందా సార్? కప్లర్ అరిగింది. ఈల బేరింగ్‌ది. దీంట్ల ఆయిల్ ఎప్పుడు మార్చిన్రు?"

"సర్వీసు షెడ్యూల్లో లేదన్నా. లైఫ్‌టైమ్ ఆయిలంట."

"ఎవరి లైఫ్‌టైమ్?"

సూపర్‌ఛార్జర్ గేర్లకు ఇంజిన్‌తో సంబంధం లేని సొంత ఆయిల్ ఉంటుంది. ఇరానీ చాయ్ కప్పుకి కాస్త అటూ ఇటూ. సిరంజీతో లాగితే తారులాంటి నలుపు, మురిగిన గుడ్ల కంపు. ఇరవయ్యేళ్లుగా దాన్నెవరూ ముట్టుకున్నట్టు లేదు. ముందటి ఓనరెవరో గానీ నా శిష్యుడే అయి ఉండాలి. కంపెనీ చెప్పనిదేదీ చేయలేదు. ఈ కుర్రాడికి ఇరవై హార్స్ పవర్ల ఆశ పుట్టబట్టి గానీ, లేకపోతే ఆ బేరింగ్ ఏ ఔటర్ రింగ్ రోడ్డు మీదో పట్టేసి బెల్టును తెంపుకునేది.

మెకానిక్ పుల్లీకి అవుననలేదు, కాదనలేదు. వరస మాత్రం చెప్పాడు. ముందు టైమింగ్ చెయిన్, క్యామ్ స్ప్రాకెట్ల పళ్లు. ఈ ఇంజిన్‌కి పేరుమోసిన జబ్బు అదే, చెయిన్ సాగుతుంది. తర్వాత చిట్లిన బ్రీదర్ గొట్టాలు, బెల్టు టెన్షనర్, దుమ్ము పట్టిన ఇంటర్‌కూలర్. మే ఎండలో తిత్తిని ఇంకా జోరుగా తిప్పితే గాలి ఇంకా కాగుతుంది, ఇంజిన్ కొట్టుకోకుండా కంప్యూటర్ స్పార్కును వెనక్కి జరుపుతుంది. కొన్న పవరంతా గచ్చిబౌలి సిగ్నల్ దగ్గరే ఆవిరి.

ఆదివారం రాత్రి లిఫ్టులో కనబడ్డాడు. చెయిన్, కప్లర్ ఆర్డర్ పెట్టాడట, జీతంలో పెద్ద ముక్కే పోయిందట. "మీరన్నదే నిజం అంకుల్, పుల్లీ వద్దులెండి" అన్నాడు.

"ఇంతకీ అది ఎన్ని మిల్లీమీటర్లది?" అని అడిగాను.