వైఫల్యాలూ – ఔత్సాహిక ఖగోళ పరిశీలకులూ

అంతరిక్ష పరిశోధనను గురించి పత్రికల్లో వచ్చే రచనలు సాధారణంగా రెండు రకాలుగా వుంటాయి. విజయం కలిగితే స్తోత్రం. వైఫల్యం కలిగితే శోకం, లేకపోతే ఎగతాళి. స్తోత్రాన్ని గురించి చర్చించవలసిన పనిలేదు. అది ఏ రంగంలోనైనా ఒకే తీరుగా వుంటుంది. కాని ఒక రంగంలో జ్ఞానం ఎవరి శ్రమమీద పెరుగుతున్నదో, ఎవరి చేతుల్లో వుంటున్నదో తెలుసుకోవాలంటే, అక్కడి వైఫల్యాలను గురించి ఎవరు ఏమి రాశారో పరిశీలించాలి. ఈ వ్యాసంలో నేను చేయదలచింది అదే.

మొదట ఒక వాక్యం చరిత్ర చూద్దాం. 2004 జనవరిలో అంగారక గ్రహంమీద దిగిన ఆపర్చునిటీ రోవరును తొంభై అంగారక దినాలు పనిచేస్తే చాలునని తయారుచేశారు. అది పద్నాలుగేళ్లకు పైగా పనిచేసి 45 కిలోమీటర్లు దాటి నడిచింది. 2018లో గ్రహమంతటా లేచిన ధూళి తుపానులో ఎండ అందక, జూన్ 10 తరువాత దాని కబురు ఆగిపోయింది. యాత్ర ముగిసిందని 2019 ఫిబ్రవరి 13న నాసా ప్రకటించింది. వెంటనే, ఆ రోవరు పలికిన 'చివరి మాటలు' అంటూ, తన బ్యాటరీ తరిగిపోతున్నదనీ, చీకటి ముసురుకుంటున్నదనీ అర్థం వచ్చే వాక్యమొకటి లోకమంతా పాకింది. ఎందరో కన్నీళ్లు పెట్టుకున్నారు.

రోవరు ఆ మాటలు పలకలేదు. అది పంపింది అంకెలు. ఆనాడు దొరికిన విద్యుత్తు 22 వాట్-గంటలు. ఆకాశపు మసక 10.8. ఆ అంకెలకు శాస్త్రజ్ఞులు చెప్పిన అర్థాన్ని ఒక విలేఖరి తన మాటల్లో కవితాత్మకంగా చెప్పాడు. అందులో అతని తప్పేమీ లేదు. తప్పల్లా ఆ వ్యాఖ్యానాన్ని తీసుకువెళ్లి యంత్రం నోట పెట్టడంలో వుంది. యంత్రానికి ప్రాణం పోయగానే, ఆ యంత్రాన్ని చేసిన మనుషులు కనపడకుండా పోతారు. రాత్రింబగళ్లు అంగారకుడి గడియారం ప్రకారం మేలుకొని ఆ చక్రాలను నడిపించినవారు, జవాబు రాకపోయినా ఎనిమిది నెలలపాటు పిలుపులు పంపినవారు ఆ వాక్యంలో ఎక్కడున్నారు? శ్రమను మరుగుపరిచే కరుణరసం ఎంత మధురంగా వున్నా భావవాదమే అవుతుంది.

ఇదే అంకెలను ఔత్సాహికులు ఎట్లా చదివారో చూడండి. ఔత్సాహికులు అంటే జీతం కోసం కాక, ఇష్టం కొద్దీ ఖగోళాన్ని పరిశీలించేవారు. వారికి 10.8 అంటే నిట్టూర్పు కాదు, లెక్క. సూర్యుడినుంచి సూటిగా వచ్చే వెలుతురులో సుమారు యాభైవేలవ వంతు మాత్రమే నేలకు చేరుతున్నదని దాని అర్థం. 22 వాట్-గంటలంటే ఇరవైరెండు వాట్ల దీపం ఒక్క గంట వెలిగేటంత శక్తి. ఆ మాత్రంతో అంత చలిలో గడియారం నడవాలి, బ్యాటరీలు గడ్డకట్టకుండా వుండాలి. ఈ లెక్క తెలిసినవాడి బాధ, కల్పిత వాక్యం చదివినవాడి బాధకన్న తక్కువదని నేను అనుకోను. పైగా అది నిజమైన బాధ; దాని వెనక వస్తువు వుంది.

ఔత్సాహికుల చదువుకు ఆధారం ఏమిటి? ఆ రోవర్లు పంపిన ముడి చిత్రాలను ఏ మెరుగూ దిద్దకుండా అందరికీ అందుబాటులో పెట్టారు. వివిధ దేశాల ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు వాటిని ఒకదానికొకటి అతికి విశాల దృశ్యాలు కూర్చారు. చక్రాల జాడలు కొలిచారు. 2006లో స్పిరిట్ రోవరు ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. కాలు విరిగిన ఎద్దులాగా ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ వెనక్కు నడవవలసి వచ్చింది. అది దౌర్భాగ్యమే. కాని ఈడ్చిన చక్రం నేలను దున్నింది. 2007లో ఆ చాలులో తెల్లని మట్టి బయటపడింది. దానిలో నూటికి తొంభైపాళ్లు సిలికా! ఒకప్పుడు అక్కడ వేడి నీళ్లో, ఆవిరో వుండేవనడానికి అది బలమైన సాక్ష్యం. చక్రం సవ్యంగా తిరిగివుంటే ఆ మట్టి పైకి వచ్చేది కాదు. అయితే ఇందులోంచి 'అంతా మనమంచికే' అనే నీతి తీయకూడదు. అదే స్పిరిట్ 2009లో మెత్తని ఇసుకలో కూరుకుపోయి మరి లేవలేదు. 2010 మార్చి తరువాత పలకలేదు. వైఫల్యం తనంతట తానే జ్ఞానం కాదు. దాన్ని పట్టించుకొని చదివేవాడు వున్నప్పుడే జ్ఞానమవుతుంది.

చదవకపోతే ఏమవుతుందో హబుల్ టెలిస్కోపు చెబుతుంది. 1990 ఏప్రిల్‌లో పైకి పంపిన తరువాత దాని చూపు మసకగా వున్నట్లు తేలింది. 2.4 మీటర్ల అద్దాన్ని అంచుదగ్గర సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువగా అరగదీశారు. కారణం? అద్దం వంపును పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కకు వుంది. నువ్వుగింజ మందమంత! ఇది విధి విలాసం కాదు. వేరే పరీక్షలు తేడా వున్నదని చూపించాయి. ఆ పరికరాలు తక్కువరకమైనవని తోసిపుచ్చారు. పర్కిన్-ఎల్మర్ కంపెనీపై గడువూ ఖర్చూ ఒత్తిడి తెచ్చాయి. నాసా పర్యవేక్షణ సరిగా లేదు. అదే ఏడాది నవంబరులో వెలువడిన విచారణ నివేదిక ఈ విషయాలన్నీ చెప్పింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి చూపు సరిచేశారు. ఆ మసక కాలంలోనే, ఆ టెలిస్కోపు సంస్థ మొదటి డైరెక్టరు రికార్డో జక్కోని తన వాటా సమయంలోంచి ఔత్సాహికులకు కొంత కేటాయించాడన్నది గుర్తుంచుకోదగిన విషయం. 1997 వరకు పదముగ్గురికి ఆ అవకాశం దక్కింది. తరువాత నిధులు లేవని ఆ పథకాన్ని ఆపేశారు. నిధులు తగ్గినప్పుడు మొదట మూతపడేది ప్రజల ద్వారమే!

ఇక్కడ వర్గప్రశ్న వస్తుంది. ఖగోళాసక్తి ఒకప్పుడు తీరిక, ఆస్తి వున్నవారి సొత్తు. మన విశాఖపట్నంలో 1840 ప్రాంతంలో వేధశాల కట్టిన గోడే వెంకట జగ్గారావు సంపన్నుడు. తరువాత దాన్ని నడిపిన ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు కూడా అంతే. 1874 శుక్ర సంక్రమణాన్ని ఆయన పరిశీలించాడు. వారి కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని దుర్భిణి కొనగలవాడే ఆకాశాన్ని చదివాడన్నది వాస్తవం. ముడి చిత్రాలు బహిరంగం కావడంతో ఈ కట్టడి కొంత సడలింది. 1971 డిసెంబరు 2న అంగారకుడిమీద మెత్తగా దిగిన సోవియట్ మార్స్-3 కబురు పంపడం మొదలుపెట్టి ఇరవై సెకన్లయినా గడవకముందే మూగపోయింది. నలభయ్యేళ్ల తరువాత, అమెరికన్ ఆర్బిటరు తీసిన చిత్రాలను రష్యన్ ఔత్సాహికులు అంగుళం అంగుళం వెతికారు. పారాచూటు, ల్యాండరు పోలికలున్న గుర్తులను 2013లో లోకానికి చూపించారు.

మన దేశపు ఉదాహరణ ఇంకా ఆలోచింపజేసేది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండరు చంద్రుడిమీద కూలింది. దాని శకలాన్ని మొదట గుర్తుపట్టింది చెన్నైకి చెందిన ఒక ఇంజనీరు. అతను వెతికింది ఎక్కడ? నాసా బహిరంగపరిచిన చిత్రంలో. డిసెంబరులో నాసా దాన్ని ధ్రువీకరించింది. తమ ఆర్బిటరు ల్యాండరును ముందే గుర్తించిందని ఇస్రో అన్నది; కావచ్చు. కాని ఆ చిత్రం అప్పుడు పౌరుల చేతికి రాలేదు. వైఫల్య విచారణ నివేదిక పూర్తి పాఠం కూడా ప్రజలముందుకు రాలేదు. 2020 చివరినుంచి ఆ ఆర్బిటరు సమాచారాన్ని విడుదల చేయడం మొదలుపెట్టారు, సంతోషం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన నాడు దేశమంతా పండుగ చేసుకున్నది. మొదటి ల్యాండరు ఎందుకు కూలిందో రెండవదాన్ని చేసినవారు తెలుసుకోబట్టే ఆ విజయం సాధ్యమయింది. ఆ పాఠం వారి గదిలోనే ఎందుకుండాలి? దానికి ఖర్చయింది ప్రజల డబ్బు కాదా?

అమెరికా విధానాన్ని ఆకాశానికెత్తుతున్నానని కొందరు మిత్రులు అనవచ్చు. అక్కడి తెరిచిన తలుపు వెనక ఏమున్నదో నాకు తెలుసు. అంగారక రోవర్లను తయారుచేసి నడిపించే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 2024 ఫిబ్రవరిలో బడ్జెటు కోత పేరుతో ఒక్క వేటున సుమారు 530 మందిని తొలగించింది. రోవరు కోసం ఏడ్చినవారిలో వీరికోసం ఎందరు ఏడ్చారు? ఉద్యోగుల శ్రమను కోస్తూ, ఔత్సాహికుల ఉచిత శ్రమను పొగిడే వ్యవస్థను నమ్మడానికి వీల్లేదు. ఔత్సాహికుడు శాస్త్రోద్యోగికి చవక బదులు కాకూడదు; అతనికి సాక్షి కావాలి, అవసరమైనప్పుడు అండ కావాలి. 2004లో హబుల్ మరమ్మతు యాత్రను రద్దు చేసినప్పుడు శాస్త్రజ్ఞులతో పాటు సామాన్యులూ నిరసన తెలిపారు. చివరకు 2009 మేలో ఆ మరమ్మతు జరిగింది. 2024 జూన్ నాటికి గైరోస్కోపులు చెడిపోగా ఒక్క గైరోతో పనిచేసే పద్ధతికి మార్చినా హబుల్ చూడగలుగుతూ వున్నదంటే, దాని వెనక ఆ ప్రజాభిప్రాయం కూడా వుంది.

కూడు లేని దేశానికి ఈ గ్రహాల గొడవ ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. గొడవ మనకు అక్కరలేదంటే అది ఆగదు. మన ప్రమేయం లేకుండా జరుగుతుంది. కనుక మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ రెండు పనులు చేయాలని కోరుతున్నాను. విచారణ నివేదికలను తెలుగులోకి తెచ్చి తరగతుల్లో చదివించండి. హబుల్ అద్దం కథలో భౌతికశాస్త్రమూ వుంది, రాజకీయార్థశాస్త్రమూ వుంది. మన సంస్థల నివేదికలను కూడా బయటపెట్టమని అడగండి. యంత్రాల చావుకు కన్నీళ్లు కార్చడం సులభం. 1.3 మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనివ్వని పరిస్థితులు ఏమిటో అడగడం కష్టం. కష్టమైన ఆ పనినే మనం విమర్శ అంటాము.