గెట్ అంటే దొరికినట్టేనా?

లినక్స్ కెర్నెల్‌లో ఒక ఫంక్షన్ ఉంది. పేరు పీఎం రన్‌టైమ్ గెట్ సింక్. మాటల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయి, చదువుకోడానికి వీలుగా తీసేశాను. సాహిత్య పత్రికలో దీని గురించి రాయడమేంటి అంటారా? ఏళ్ల తరబడి, చెయ్యి తిరిగిన పాఠకుల్ని కూడా తప్పుగా చదివించిన వచనం ఇది. విమర్శకి ఇంతకన్నా మంచి సరుకు ఏం కావాలి?

కాస్త నేపథ్యం. మన ఫోన్‌లో కెమెరా, టచ్ స్క్రీన్, వైఫై, ఇలా బోలెడు పరికరాలుంటాయి. వాడనప్పుడు వాటిని నిద్రపుచ్చకపోతే బ్యాటరీ సాయంత్రం దాకా ఉండదు. ఆ పనికోసం 2009లో, 2.6.32 వెర్షన్‌తో, కెర్నెల్‌లోకి రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ వచ్చింది. ప్రతి పరికరానికీ ఒక లెక్క ఉంటుంది. వాడుకునే ముందు డ్రైవర్ ‘గెట్’ అని లెక్క ఒకటి పెంచి దాన్ని నిద్రలేపాలి. పనయ్యాక ‘పుట్’ అని తగ్గించాలి. లెక్క సున్నా అయితేనే నిద్ర.

ఒక మీటింగ్ హాలు అనుకోండి. వచ్చేవాళ్లు రిజిస్టర్లో పేరు రాస్తారు, వెళ్లేటప్పుడు కొట్టేస్తారు. అన్ని పేర్లూ కొట్టేశాక వాచ్‌మన్ లైట్లు ఆపి తాళం వేస్తాడు. ఒకాయన వచ్చాడు, పేరు రాశాడు, తలుపు ఎంతకీ తెరుచుకోలేదు, విసుక్కుని వెళ్లిపోయాడు. పేరు కొట్టెయ్యలేదు. లోపలికే వెళ్లనివాడు బయటికి వచ్చినట్టు రాయాలని ఎవరికి తోస్తుంది? ఇక ఆ రాత్రి ఆ హాల్లో లైట్లు ఆరవు.

గెట్ సింక్ కథ సరిగ్గా ఇదే. పరికరం నిద్రలేవకపోయినా లెక్క పెరిగిపోతుంది. డ్రైవర్ రాసేవాళ్లు ‘ఫలితం సున్నా కన్నా తక్కువైతే వెనక్కి వెళ్లిపో’ అని రెండు లైన్లు రాస్తారు. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటుందో! తప్పు కూడా ఆ శుభ్రతలోనే ఉంది.

దీన్ని రాసినవాళ్లకి తెలివిలేక కాదు. ఫలితం చూడకుండా గెట్ చేసి, చివర్లో ఎలాగూ పుట్ చేసే డ్రైవర్లు చాలా ఉన్నాయి. వాళ్లకి ఈ పద్ధతే నప్పుతుంది, లెక్క సరిపోతుంది. ఎర్రర్ వచ్చినా లెక్క తగ్గదన్న సంగతి ఇవాళ డాక్యుమెంటేషన్లో స్పష్టంగానే ఉంది. కానీ ఏ రచననైనా మనం దాని జాతిని బట్టి చదువుతాం కదా. కెర్నెల్‌లో మిగతా చోట్ల, క్లాక్ ఆన్ చెయ్యడమో, రెగ్యులేటర్ ఆన్ చెయ్యడమో విఫలమైతే, వెనక్కి ఇవ్వాల్సింది ఏమీ ఉండదు. దొరకలేదు, అంతే. అలవాటుపడ్డ పాఠకుడు ఇక్కడా అదే అనుకుంటాడు. పైగా పరికరం అప్పటికే మెలకువగా ఉంటే ఈ ఫంక్షన్ సున్నా కాదు, ఒకటి తిరిగిస్తుంది. ‘సున్నా కాకపోతే ఎర్రర్’ అని రాసుకున్న డ్రైవర్ విజయాన్ని కూడా వైఫల్యంగా చదువుతుంది.

రివ్యూ చేసేవాళ్లు ఏం చేస్తున్నారు మరి? వాళ్ల ముందుకొచ్చేది డిఫ్. మారిన లైన్లు, వాటికి పైన మూడు, కింద మూడు. నవల్లోంచి అర పేజీ చింపి ఇచ్చి అభిప్రాయం అడిగినట్టు. రాసిన లైన్లో తప్పేం లేదు, రాయని లైనే తప్పు. టెస్టుల్లో కూడా మామూలుగా బయటపడదు, ఎందుకంటే టెస్ట్ బల్ల మీద పరికరం దాదాపు ఎప్పుడూ నిద్రలేస్తుంది. క్రాష్ ఉండదు, లాగ్‌లో మొర ఉండదు. ఎక్కడో ఎవరి ఫోనో జేబులో ఊరికే వేడెక్కుతుంది. కాబట్టి చదవడం తప్ప గత్యంతరం లేదు, అదీ లేనిదాన్ని చదవడం.

2020 చివర్లో కొత్త ఫంక్షన్ వచ్చింది. పీఎం రన్‌టైమ్ రెజ్యూమ్ అండ్ గెట్. ఒంట్లో ఉన్నది కొద్ది లైన్లే. నిద్రలేపడం విఫలమైతే పెంచిన లెక్కని తనే తగ్గిస్తుంది, విజయమైతే సున్నా మాత్రమే ఇస్తుంది. నాకు నచ్చింది పేరు. ముందు లేపు, తర్వాతే తీసుకో. లోపల నిజానికి లెక్కే ముందు పెరుగుతుంది, కానీ పిలిచేవాడికి కావాల్సిన వరస పేరులో ఉంది. మంచి ఎడిటర్ చేసే పని ఇలాగే ఉంటుంది.

అయితే పాతదాన్ని వెతికి, కొత్తది పెట్టి, ఒకే కమిట్ మెసేజ్‌తో వరసగా వచ్చే ప్యాచ్‌లంటే నాకు నమ్మకం తక్కువ. ఫలితం చూడకుండా చివర్లో పుట్ చేసే డ్రైవర్లున్నాయని చెప్పాను కదా, అక్కడ పేరు మారిస్తే లెక్క రెండుసార్లు తగ్గుతుంది. ఎవరో ఇంకా వాడుతుండగానే పరికరం నిద్రపోవచ్చు. ప్రతి చోటూ విడిగా చదవాల్సిందే.

ప్యాచ్ కింద ‘రివ్యూడ్ బై’ అని పేరు పెట్టడానికి కెర్నెల్‌లో రాతపూర్వకమైన అర్థం ఉంది. సాంకేతికంగా పరిశీలించాను, నాకు కనిపించిన లోపాలు రాసినవాళ్లకి చెప్పాను, వాళ్ల జవాబుతో తృప్తిపడ్డాను, అయినా ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వట్లేదు. మన పుస్తకాల ముందుమాటలు వరసపెట్టి చదివి చూడండి. హామీలు పుష్కలంగా ఉంటాయి. లోపాలు చెప్పాను అన్న మాట ఎన్నింటిలో కనిపిస్తుంది?

గెట్ సింక్‌ని కెర్నెల్‌లోంచి తీసెయ్యలేదు. సరిగ్గా వాడేవాళ్లూ ఉన్నారు మరి. ఆ పేరున్న ప్యాచ్ ఎదురైతే నేను ముందు చూసేది డిఫ్ కాదు. మొత్తం ఫైల్ తెరిచి, పుట్ ఎక్కడుందో, ఎన్ని దారుల్లో ఉందో వెతుకుతాను.