కట్టేటప్పుడే విప్పే దారి

కంప్యూటర్ లోపల నీళ్లు తిప్పుతున్నామంటే, అది చల్లగా ఉంటుందనే చాలామంది అనుకుంటారు. ఉండదు. నీళ్లు దేన్నీ చల్లబరచవు. ఒకచోట పుట్టిన వేడిని ఎత్తుకుని, గాలి తగిలే ఇంకోచోట దింపుతాయి. ప్రాసెసర్ మీద ఉన్న వాటర్ బ్లాక్ దగ్గర ఎత్తుకోవడం, రేడియేటర్ దగ్గర దింపుకోవడం, మధ్యలో ఒక పంపు, నీళ్లు నిలవుండే రిజర్వాయర్, నాలుగు ట్యూబులు. కస్టమ్ లూప్ అని మా కుర్రాళ్లు ముచ్చటగా చెప్పుకునేది ఇంతే. ఇది అర్థమైతే మిగతా పనంతా దారిలో పడుతుంది. అర్థం కాకపోతే ఎంత ఖరీదైన సామాను కొన్నా మే నెల వచ్చేసరికి ఫ్యాన్లు హోరెత్తుతాయి.

ఎల్‌బీ నగర్‌లో, ఎండకు కాలే స్లాబు కింద ఉన్న పై అంతస్తు గదిలో, మే నెల మధ్యాహ్నం థర్మామీటర్ 36 చూపించడం వింతేమీ కాదు. ఈ విద్య గురించి లోకంలో దొరికే సలహాల్లో చాలావరకు గది 20, 22 డిగ్రీలు ఉండే దేశాల్లో పుట్టినవి. అక్కడి లెక్కను తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు. ఓ మాదిరి ప్రాసెసర్ 88 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 200 వాట్లు తీసుకుంటాయనుకుందాం. పంపు సొంత వేడి కలిపితే 300 వాట్లు. దీన్ని 240 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒక్కటే దింపాలి. ఫ్యాన్లు మరీ గోల చేయకుండా తిరిగితే నీళ్లు గది గాలి కంటే 15 డిగ్రీలు ఎక్కువ దగ్గర నిలబడతాయి. గది 22 అయితే నీళ్లు 37. మన గది 36 కాబట్టి మన నీళ్లు 51. ఈ పనికి ఎక్కువమంది వాడే డీ5 పంపుకు తయారీదారులు పెట్టిన హద్దు 60 డిగ్రీలు. అంటే మనకు మిగిలిన వెసులుబాటు 9 డిగ్రీలు. లూప్ కట్టాలనుకునేవాళ్లు ముందు కొనాల్సింది పంపు కాదు, గదిలో పెట్టుకోవడానికి ఒక థర్మామీటర్. ఇది నేను ఎవరికైనా గట్టిగా చెప్తాను.

వేడి నీళ్లంటే బెంగపడాల్సిన పని కూడా లేదు. జర్మనీలో 2012లో మొదలైన సూపర్‌ఎంయూసీ అనే సూపర్ కంప్యూటర్‌ను ఐబీఎం వాళ్లు 45 డిగ్రీల దాకా ఉన్న నీళ్లు లోపలికి పంపినా పనిచేసేలా కట్టారు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలోని ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్‌కు వెళ్లే నీళ్లు 32 డిగ్రీలు. చిప్ తట్టుకునే వేడి 90 పైచిలుకు ఉంటుంది కాబట్టి 50 డిగ్రీల నీళ్లు కూడా దాని వేడిని మోసుకుపోగలవు. మనం చూడాల్సింది నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయని కాదు, ఆ వేడి పెట్టె దాటి బయటికి పోతోందా అని.

పెట్టె దగ్గరే అసలు చిక్కు. ఇంత పెద్ద క్యాబినెట్లు ఉండగా చిన్నదానిలో ఎందుకు ఈ అవస్థ అని అడుగుతారు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట సందుల్లోని హాస్టళ్లనూ అద్దె గదులనూ చూసినవాళ్లకు ఈ ప్రశ్న రాదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చి కోచింగ్‌లో చేరినవాళ్లు, ఉద్యోగం వెతుక్కుంటూ వీడియో ఎడిటింగ్, త్రీడీ పనులు చేసుకునేవాళ్లు ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. బల్ల మీద పుస్తకాలకే చోటు చాలదు. పండక్కి ఊరెళ్తే కంప్యూటర్‌ను బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాలి. రాత్రి రెండింటికి రెండరింగ్ నడుస్తుంటే పక్క మంచం మీద నిద్రపోయేవాడికి ఫ్యాన్ల మోత వినపడకూడదు. ఇవన్నీ కలిస్తే 12 లీటర్ల పెట్టె, అందులో నీళ్లు. మోజు సంగతి అటుంచితే, వాళ్ల బతుకే వాళ్లను ఆ కొలత దగ్గరికి తెచ్చింది.

17 సెంటీమీటర్ల చదరంలో ఇమిడే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డును 2001లో వయా కంపెనీ తెచ్చింది. 2013లో జనం ముందుగా కట్టిన డబ్బుతో తయారైన ఎన్‌కేస్ ఎం1 అనే 12.6 లీటర్ల క్యాబినెట్, అంత చోటులో 240 రేడియేటర్ పట్టుతుందని చూపించింది. ఇక్కడో సంగతి గుర్తుంచుకోవాలి. 240 అని పేరున్న రేడియేటర్ నిజంగా 240 మిల్లీమీటర్లు ఉండదు. రెండు చివర్లా ఉన్న తొట్లు కలుపుకుంటే 270, 280 దాకా పోతుంది. దాని మందం మీద ఫ్యాను మందం 25 చేరుతుంది. ఆ పక్కనే ఎస్‌ఎంపీఎస్ వైర్లు, కింద గ్రాఫిక్స్ కార్డు అంచు. పెద్ద క్యాబినెట్‌లో ఒక భాగం పెట్టాక ఇంకోటి పెడతాం. చిన్నదానిలో ఒక భాగం పెడితే ఇంకోదానికి దారి మూసుకుపోతుంది. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసే సగం విద్య. రేడియేటర్ బిగించాక దాని వెనక ఫిట్టింగ్ తిప్పడానికి వేళ్లు దూరవు. అందుకని ఆ ఫిట్టింగ్ బయటే బిగించాలి, ట్యూబు కూడా బయటే తొడిగి, రెండూ కలిపి లోపలికి జార్చాలి. ఈ వరుసను నేను కాగితం మీద రాసుకుంటాను. రాసిన వరుసను కింది నుంచి పైకి మళ్లీ చదువుతాను. అలా చదివినప్పుడే విప్పేటప్పుడు ఏది అడ్డం పడుతుందో తెలుస్తుంది.

బ్లాకుల వరుస గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ప్రాసెసర్ ముందా, గ్రాఫిక్స్ కార్డు ముందా అని కుర్రాళ్లు గంటలు వాదించుకుంటారు. నిమిషానికి ఒక లీటరు నీళ్లు తిరుగుతుంటే 300 వాట్ల వేడి ఆ నీళ్లను చుట్టు మొత్తంలో 4 డిగ్రీల చిల్లర మాత్రమే పెంచుతుంది. ట్యూబు ఎటు తక్కువ వంపుతో పోతుందో అటే పోనివ్వాలి. రిజర్వాయర్ నీళ్లు పంపులోకి కిందికి దిగేలా ఉండాలన్నది ఒక్కటే నియమం. పంపు పొడిగా తిరిగితే పాడవుతుంది.

సామాను కోసం ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, అక్కణ్నుంచి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవడం మా వైపు వాళ్లకు అలవాటే. సీటీసీ అంటే కంప్యూటర్ కొన్న హైదరాబాదీలందరికీ తెలుసు. అక్కడ నీళ్లు నింపి సీల్ చేసి వచ్చే ప్రాసెసర్ కూలర్లు సులువుగా దొరుకుతాయి. చాలామందికి అవే చాలు, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. విడి ఫిట్టింగులు, పలుచటి రేడియేటర్లు మాత్రం తెప్పించుకోవాల్సి వస్తుంది. తెప్పించేటప్పుడు చూడాల్సింది లోహం. బ్లాకు రాగిదైతే రేడియేటర్ అల్యూమినియంది కాకూడదు. రెండు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం కొద్దికొద్దిగా తినుకుపోతుంది, ఆ ముక్కలు పోయి బ్లాకులో కూర్చుంటాయి. రేడియేటర్ రెక్కలు మరీ దగ్గరగా ఉన్నది కూడా వద్దు. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి లేచే దుమ్ము సన్న రెక్కల్లో ఇరుక్కుంటే బ్రష్షుకు కూడా రాదు.

ఇక నీళ్లు. మా కాలనీల్లో సగం కృష్ణా నీళ్లు, సగం బోరు నీళ్లు. బోరు నీళ్లు గ్రానైటు రాళ్ల సందుల్లోంచి వస్తాయి, ఉప్పదనం దండిగా ఉంటుంది. ఎండాకాలం చివర ఎయిర్ కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకున్న పెంకు చూడండి. వాటర్ బ్లాకు లోపల రాగి రెక్కల మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆ పెంకులో రవ్వంత చాలు దాన్ని పూడ్చడానికి. ఆర్‌ఓ నీళ్లు కొంత నయమే కానీ వాటిలోనూ లవణాలు మిగులుతాయి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పొడుగునా ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణాలున్నాయి, అక్కడ దొరికే డిస్టిల్డ్ వాటర్ మనకు పనికొస్తుంది. అదే అరలో పక్కన బ్యాటరీ యాసిడ్ క్యాను కూడా ఉంటుంది, చీటీ చదివి తీసుకోవాలి. డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోసి వదిలేసినా నెలల్లో నాచు పడుతుంది. తుప్పు పట్టనివ్వని మందు, నాచు పట్టనివ్వని మందు కలిసిన కూలెంట్ వాడటమే మంచిది. పాల రంగు, గులాబీ రంగు ద్రవాలు అద్దం వెనక మెరుస్తుంటే చూడ్డానికి బాగానే ఉంటాయి. ఆ రంగునిచ్చే సన్నటి పొడి కొన్నాళ్లకు అడుక్కు దిగుతుంది, దిగేది కూడా ఆ సన్న సందుల్లోకే. నా మటుకు నేను రంగులేని నీళ్లే పోస్తాను. ట్యూబు కూడా నల్లటి ఈపీడీఎం రబ్బరుదే. గట్టి పీఈటీజీ గొట్టాలు వంపులు తిరిగి అందంగా ఉంటాయి కానీ 50 దాటిన నీళ్లతో అవి మెత్తబడి ఫిట్టింగ్ దగ్గర జారే ప్రమాదం మన ఊళ్లో ఎక్కువ.

లీకు అంటే అందరికీ భయం. ఆ భయం పోగొట్టే పద్ధతిని నేను ఆటోనగర్‌లో చూసి నేర్చుకున్నాను. విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం దాటుతుంటే లారీల రేడియేటర్లు బాగుచేసే షెడ్లు కనిపిస్తాయి. ఇది ఊరికే తెచ్చిన పోలిక కాదు. 1990ల చివర్లో అమెరికాలో ఈ సరదా మొదలుపెట్టినవాళ్లు పాత కార్ల హీటర్ కోర్లను, చేపల తొట్టి పంపులను తెచ్చి కంప్యూటర్లకు తగిలించారు. ఇప్పుడు అందంగా అట్టపెట్టెల్లో వచ్చే రేడియేటర్ అలాంటి షెడ్లలోంచి వచ్చిందే. ఆటోనగర్ షెడ్డులో ఓ పెద్దాయన లారీ రేడియేటర్ మూతులన్నీ బిగించి, ఒకదానికి గాలి గొట్టం పెట్టి, మొత్తాన్ని నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాడు. నీళ్లే పోసి చూడొచ్చు కదా అన్నాను.

"ముందుగాల గాలి పట్టి సూడాలె సార్. నీళ్లు పోసినంక కారితే, యాడ కారిందో దొరకబట్టుడు కష్టం. గాలి అబద్ధం జెప్పది."

కంప్యూటర్‌ను తొట్టిలో ముంచలేం కానీ మిగతాదంతా అదే. రిజర్వాయర్ మూతి దగ్గర చిన్న చేతి పంపు, దానికో గేజి. అర బార్ ఒత్తిడి దాకా గాలి కొట్టి ఆపాలి. అరగంట సేపు ముల్లు కదలకపోతే లూప్ గట్టిగా ఉన్నట్టు. ముల్లు దిగుతుంటే ఒక్కో ఫిట్టింగ్ చూసుకుంటూ పోవాలి. చాలాసార్లు దొరికేది నలిగిన ఓ-రింగ్. ఎక్కడా చుక్క తడి లేకుండానే తప్పు బయటపడుతుంది. ఈ పరీక్ష చేయకుండా నీళ్లు పోయడం నాకు ఒప్పుకోలు కాదు, ఎంత అనుభవం ఉన్నా సరే.

తర్వాత నీళ్లు నింపడం. ఈ పని నాకు అన్నింటికంటే ఇష్టం. మదర్‌బోర్డుకు, కార్డుకు కరెంటు వైర్లు పెట్టకుండా, ఎస్‌ఎంపీఎస్ 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరును నల్ల వైరుతో కలిపితే పంపు ఒక్కటే తిరుగుతుంది. ఫిట్టింగుల కింద టిష్యూ కాగితాలు పరవాలి. చిన్న లూప్‌లో పట్టేది 300, 400 మిల్లీలీటర్లే, రిజర్వాయర్‌లో గ్లాసెడు కూడా ఉండదు. అందుకని కొంచెం పోయడం, పంపును ఓ క్షణం తిప్పి ఆపడం, మళ్లీ పోయడం. గాలి రేడియేటర్ తొట్టి మూలల్లో దాక్కుంటుంది. పెట్టెను ఎత్తి ఇటు వాల్చి అటు వాల్చి దాన్ని రిజర్వాయర్ వైపు తరమాలి. మొదట్లో పంపు గరగరమంటుంది, గాలి పోయేకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. తొందరపడితే గాలి మిగిలిపోతుంది, మిగిలిన గాలి తర్వాత ఎప్పుడో పంపులోకి వచ్చి మళ్లీ గరగర మొదలుపెడుతుంది. పొద్దున మొదలుపెడితే ఎండ వాలేదాకా పంపును అలా తిరగనిస్తాను. టిష్యూలు పొడిగానే ఉంటే అప్పుడు మిగతా వైర్లు పెడతాను.

ఇంత చేశాక కూడా గది తన వాటా తాను అడుగుతుంది. ఆ 300 వాట్లు ఎక్కడికీ మాయం కావు, కిటికీ మూసిన గదిలోనే తిరుగుతాయి. రేడియేటర్ గాలి పీల్చే వైపు గోడకు ఆనించకూడదు, వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చేలా అసలే పెట్టకూడదు. పొడి ఎండల్లో ఎయిర్ కూలర్ నడిస్తే గది నాలుగైదు డిగ్రీలు దిగుతుంది, నీళ్లు కూడా అంతే దిగుతాయి. కంప్యూటర్‌ను కూలర్‌కు ఎదురుగా పెట్టకుండా, తుంపర్లు తగలనివ్వకుండా చూసుకుంటే చాలు.

లూప్ కట్టి చూపించినవాళ్లు దండిగా ఉన్నారు. దాన్ని రెండో ఏడు నడిపించినవాళ్లు తక్కువ, అక్కడే నాకు బాధ. ట్యూబు గోడల్లోంచి కూడా నీళ్లు సన్నగా ఆవిరవుతాయి, నెలలు గడిచేకొద్దీ మట్టం తగ్గుతుంది. మూత తీయడానికి చోటు లేకుండా కట్టినవాడు ఆ రెండు చెంచాల నీళ్లు పోయడానికి పెట్టె మొత్తం విప్పాలి, విప్పడానికి బద్ధకించి అలాగే వదిలేస్తాడు. అందుకే లూప్‌లో అన్నిటికంటే కింద ఉండే చోట ఒక టీ ఫిట్టింగ్, దానికో బాల్ వాల్వు పెట్టమంటాను. 12 లీటర్ల పెట్టెలో ఆ వాల్వుకు చోటు చేయాలంటే ఒక ఫ్యాను సన్నటిది వాడాల్సి రావచ్చు, ట్యూబు ఇంకో వంపు తిరగాల్సి రావచ్చు. ఆ నష్టం భరించదగిందే. మార్చిలో ఎండలు ముదరకముందే నీళ్లు దించి, రేడియేటర్ దుమ్ము దులిపి, కొత్త కూలెంట్ నింపుకోవాలి. దించిన నీళ్లు పచ్చగా ఉంటే రాగి కరుగుతోందన్న మాట, జిగటగా ఉంటే నాచు. రెండింటిలో ఏది కనిపించినా బ్లాకు విప్పి, మెత్తటి బ్రష్షుతో రెక్కలు కడగాలి. వాల్వు ఉంటే ఇదంతా ఒక ఆదివారం పూట పని. లేకపోతే ముందు గ్రాఫిక్స్ కార్డు తీయాలి, దానికోసం పైన రేడియేటర్ దించాలి, నీళ్లు ఇంకా లోపలే ఉంటాయి.