బాపుగారి చేవ్రాఁత – అచ్చు ఖతి

ఇటీవల మా ధర్మసాగర్ గ్రామమున నొక వివాహాహ్వానపత్రికఁ జూచితిని. అందలి యక్షరములు చిత్రకారులు బాపుగారి (1933–2014) చేవ్రాఁతను బట్టి కంప్యూటరునకై కూర్చిన ఖతిలోనివి. సొగసుగానే యున్నవి. కాని మిక్కిలి చిన్న కొలతలో ముద్రించుటచే ‘ధ’కారము క్రింది గీఁత మాసిపోయి, బడిపిల్లవాఁ డొకఁడు ఊరిపేరును ‘దర్మసాగర్’ అని చదివెను.

ఈ లోపము బాపుగారి చేతిది కాదు. పుస్తకముల యట్టలకును బొమ్మలకును వ్రాయు చేయి ప్రక్క యక్షరముఁ జూచి తలకట్టును వంచును, కొమ్మును సాఁచును. ఒక ‘క’ వేఱొక ‘క’వలె నుండదు. ఖతిలోనో, సాధారణముగాఁ బ్రతి ‘క’యు నొక్క పోఁతయే. సంధి చేయక పేర్చిన పదములవలె నక్షరములు దేనికది నిలుచును.

పేరులకును శీర్షికలకును నీ ఖతి తగును. అచటఁ గన్ను నిలిచి చూచును. చూపు సాగిపోవలసిన పాఠ్యమునకుఁ దగదు. ‘దార’ యన భార్య (సంస్కృతమున నిది పుంలింగము, నిత్యబహువచనము, పెండ్లిపత్రిక ముందు నీ ముచ్చట యేల!), ‘ధార’ యన కన్యాదానమునఁ బోయు నీరు. గీఁత యొక్కటి పోయిన నర్థము తాఱుమాఱగును.

వధూవరుల పేళ్ళ నా ఖతిలోనే యుంచి, ఊరును ముహూర్తమును సాదా యచ్చున వేయింపుఁడని యా గృహస్థునకుఁ జెప్పితిని.