బ్రూనో జేవి: వాస్తుశిల్ప చరిత్రలో పక్షపాతం

బ్రూనో జేవి (1918–2000) రోమ్‌లోని యూదు కుటుంబంలో జన్మించారు. 1938 నాటి ఫాసిస్టు జాతిచట్టాల కారణంగా దేశం విడిచి, లండన్ మీదుగా అమెరికా చేరి, హార్వర్డ్‌లో వాస్తుశిల్ప విద్య అభ్యసించారు. అప్పుడు అక్కడ ఆ శాఖకు అధిపతి వాల్టర్ గ్రోపియస్. అయినా జేవిని ఆకర్షించింది ఫ్రాంక్ లాయిడ్ రైట్. స్వదేశానికి తిరిగివచ్చాక 1945లో సేంద్రియ వాస్తుశిల్పాన్ని సమర్థిస్తూ వెలువరించిన గ్రంథానికి మూలం ఆ ఆకర్షణే. 1948 నుంచి వెనిస్‌లోనూ, తరువాత రోమ్‌లోనూ వాస్తుశిల్ప చరిత్ర బోధించారు.

ఆయన ప్రసిద్ధ గ్రంథం 'సపేర్ వెదేరే లార్కితెత్తూరా' (1948). భవనానికి ప్రాణం గోడల్లో కాదు, గోడలు చుట్టుముట్టిన అంతర అవకాశంలో ఉందనీ, దానిని నడిచి అనుభవించాలే తప్ప పటాలూ ఛాయాచిత్రాలూ పూర్తిగా పట్టివ్వలేవనీ అందులోని ప్రతిపాదన. ఈ నిర్వచనం పదునైనదే. అయితే ఆ పదునుకు మొదట తెగిపడింది గ్రీకు దేవాలయం. పార్థెనాన్ గొప్ప కళాఖండమే కాని వాస్తుశిల్పం కాదని ఆయన నిర్ణయం. ఈ లెక్కన సాంచీ మహాస్తూపానికీ చోటుండదు. కాని స్తూపానుభవం ప్రదక్షిణలో, అంటే నడకలోనే ఉంది. నడకను ప్రమాణంగా గ్రహించిన విమర్శకుడు దానిని లోపలి నడకకే పరిమితం చేయడం ఈ సిద్ధాంతంలోని ప్రధాన లోపం.

మన్‌ఫ్రేదో తఫూరి 1968లో ఇటువంటి రచనను 'కార్యసాధక విమర్శ'గా పేర్కొన్నారు. వర్తమాన ఉద్యమానికి అనుకూలంగా గతాన్ని మలచుకోవడం చరిత్ర కాదని ఆయన అభ్యంతరం. పద్ధతి దృష్ట్యా ఇది సమంజసమే. (సాహిత్య చరిత్రలు రాసే మనకూ ఇది కొత్త నేరమేమీ కాదు.) కాని జేవి పక్షపాతం కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. సౌష్ఠవాన్ని ఆయన నిరంకుశత్వపు భాషగా చదివారు. ఆ భాషలో కట్టుకున్న రాజ్యమే ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టింది. 1973 నాటి 'ఇల్ లింగ్వాజ్జో మొదెర్నో దెల్లార్కితెత్తూరా'లో అసౌష్ఠవాన్ని ఆధునిక భాషకు మూలసూత్రాలలో ఒకటిగా నిలపడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

ఈ సమీకరణానికి అసలు పరీక్ష జుసెప్పే తెర్రాన్యి. కోమో పట్టణంలో ఆయన నిర్మించిన కాసా దెల్ ఫాషో (1932–36) ఫాసిస్టు పార్టీ కార్యాలయమే. అయినా జేవి తాను నడిపిన 'లార్కితెత్తూరా' పత్రికలో 1968లో తెర్రాన్యికి ప్రత్యేక గౌరవం ఇచ్చారు. రూపం నుంచి రాజకీయాన్ని నేరుగా చదవవచ్చన్న ఆయన వాదాన్ని ఆయన చూపే ఇక్కడ ఖండించింది. నా దృష్టిలో సిద్ధాంతకర్త జేవి కన్నా ఆ చూపు గల జేవియే విశ్వసనీయుడు.